1899 సెవానీ ఫుట్‌బాల్ జట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడి, ఐదూ గెలిచి, ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా ఇంటికొచ్చిన కాలేజీ జట్టు ఒకటుందంటే నమ్మబుద్ధి కాదు. అదీ రైల్లో తిరుగుతూ. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి మాట వచ్చిన ప్రతిసారీ నేను ఈ జట్టు కథ చెబుతుంటాను, విన్నవాళ్లు ఎప్పుడూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంతకీ సెవానీ అంటే ఏమిటి? ఊరా, కాలేజీయా?

రెండూ. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, కంబర్లాండ్ పీఠభూమి మీద, చుట్టూ అడవి ఉన్న చిన్న ఊరు సెవానీ. అక్కడున్న విశ్వవిద్యాలయం అసలు పేరు 'యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్'. ఎపిస్కోపల్ చర్చి వాళ్లు 1857లో స్థాపించారు. మధ్యలో అంతర్యుద్ధం రావడంతో తరగతులు 1868లో గానీ మొదలు కాలేదు. ఆ పెద్ద పేరుతో ఎవరూ పిలవరు, అందరూ ఊరి పేరుతో సెవానీ అనే అంటారు. మన దగ్గర కూడా కాలేజీ పేరు వదిలేసి ఊరి పేరుతో పిలవడం ఉన్నదే కదా.

1899లో అక్కడ చదివేవాళ్లు కొన్ని వందల మందే. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నిలబడింది.

ఫుట్‌బాల్ అంటున్నారు, మనం ఆడే ఫుట్‌బాలేనా?

కాదు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. ఇది బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. రగ్బీకి దగ్గరి చుట్టం. "కాలితో ఆడనిది ఫుట్‌బాల్ ఎలా అయింది?" అన్నది మనవాళ్లు అమెరికాలో దిగిన మొదటి వారంలో అడిగే ప్రశ్న. నిజానికి 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన మొదటి మ్యాచ్ సాకర్‌కే దగ్గరగా ఉండేది, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడానికి లేదు. ఆ తర్వాత కాలేజీలు రగ్బీ వైపు మళ్లాయి. 1880ల్లో యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్ చొరవతో కొత్త నియమాలు వచ్చి, ఆట రగ్బీ నుంచి విడిపోయింది. ఆట ఎంత మారినా పాత పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సీజన్‌లో వాళ్లు సాధించింది ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

పన్నెండు ఆడారు, పన్నెండూ గెలిచారు. చేసిన పాయింట్లు 322, ఇచ్చినవి 10. ఆ పదీ ఒకే జట్టుకి, ఒకే రోజు ఇచ్చారు. మిగతా పదకొండు మ్యాచ్‌లలో ఎదుటి జట్టుకి సున్నా.

వరుసగా ఎవరెవరితో ఆడారు?

అక్టోబరు 21న అట్లాంటాలో జార్జియా విశ్వవిద్యాలయం మీద 12-0తో మొదలుపెట్టారు. ఒక్క ఆదివారం ఆగి, 23న అదే ఊళ్లో జార్జియా టెక్ మీద 32-0. 28న సొంత మైదానంలో టెన్నెసీని 46-0తో, నవంబరు 3న సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటీరియన్‌ని 54-0తో ఓడించారు. ఆ వెంటనే పెద్ద ప్రయాణం. దాని గురించి కింద వివరంగా రాశాను. తిరిగొచ్చాక నవంబరు 20న ఇంట్లోనే కంబర్లాండ్ అనే కాలేజీ మీద 71-0. నవంబరు 30న మాంట్‌గమరీలో ఆబర్న్ మీద 11-10. డిసెంబరు 2న అట్లాంటాలో నార్త్ కరోలినా మీద 5-0తో ముగించారు.

చూశారుగా, పన్నెండింటిలో ఇంట్లో ఆడినవి మూడే. కొండ మీది చిన్న ఊరికి వచ్చి టికెట్టు కొని చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు? డబ్బు కావాలంటే జనం ఉన్న ఊళ్లకి జట్టే వెళ్లాలి.

ఆ ఐదు మ్యాచ్‌ల ప్రయాణం వివరాలు చెబుతారా?

నవంబరు 7న సెవానీలో రైలెక్కారు. ఆటగాళ్లు, మిగతావాళ్లు కలిపి ఇరవై మంది దాకా ఉంటారు. రెండు రోజుల ప్రయాణం తర్వాత టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో దిగారు.

నవంబరు 9, గురువారం: ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం మీద 12-0.
నవంబరు 10, శుక్రవారం: హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం మీద 10-0.
నవంబరు 11, శనివారం: న్యూ ఆర్లియన్స్‌లో టులేన్ మీద 23-0.
నవంబరు 12, ఆదివారం: ఆట లేదు.
నవంబరు 13, సోమవారం: బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ మీద 34-0.
నవంబరు 14, మంగళవారం: మెంఫిస్‌లో ఓల్ మిస్, అంటే మిసిసిపి విశ్వవిద్యాలయం మీద 12-0.

మొత్తం 91-0. తిరిగిన దూరం సుమారు 2,500 మైళ్లు, అంటే 4,000 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే విజయవాడ నుంచి రైల్లో ఢిల్లీ వెళ్లి, మళ్లీ విజయవాడ వచ్చి, దిగకుండా విశాఖపట్నం దాకా వెళ్లినంత. మధ్యలో ఐదుసార్లు దిగి కొట్టుకున్నట్టు.

ఆరు రోజులూ కష్టపడి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నారని బైబిల్ ఫక్కీలో ఈ జట్టు గురించి చెప్పే మాట అమెరికాలో బాగా ప్రచారంలో ఉంది. చమత్కారం బాగుంది కానీ లెక్క తప్పు. విశ్రాంతి నాలుగో రోజునే వచ్చింది, ఎందుకంటే అది ఆదివారం. చర్చి కాలేజీ వాళ్లు ఆదివారం ఎలా ఆడతారు?

ఎందుకంత తొందర? రోజు విడిచి రోజు ఆడుకోవచ్చుగా?

డబ్బు. వీరత్వం, సాహసం అని తర్వాతి కాలం వాళ్లు రాసుకున్నారు కానీ మొదటి కారణం డబ్బే.

సెవానీకి ఏటా మంచి వసూళ్లు తెచ్చే మ్యాచ్ నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్‌తో జరిగేది. అంతకుముందు సంవత్సరం టికెట్ల డబ్బు పంపకంలో రెండు కాలేజీలకీ తేడా వచ్చింది. మాట పట్టింపు పెరిగి 1899లో ఆ మ్యాచ్ లేకుండా పోయింది. దాంతో జట్టు ఖజానాలో పెద్ద చిల్లు పడింది. దాన్ని పూడ్చడానికి మేనేజరు వేసిన ఎత్తు ఈ యాత్ర. రైలు ఖర్చు ఎలాగూ ఒకసారే. ఒకే టూరులో ఎన్ని మ్యాచ్‌లు ఇరికిస్తే గేటు డబ్బులో వాటా అన్నిసార్లు వస్తుంది. రోజు విడిచి రోజు ఆడితే హోటలు ఖర్చు పెరుగుతుంది, క్లాసులు పోతాయి.

ఒక ఊరు వెళ్లినప్పుడు రెండు మూడు మ్యాచ్‌లు కలిపి ఆడటం ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. సెవానీ వాళ్లే అక్టోబరులో అట్లాంటా వెళ్లి మూడు రోజుల్లో రెండు ఆడారు కదా. మన నాటక సమాజాలు ఊరూరా వరుసగా ఆటలు వేసుకుంటూ పోయేవి చూడండి, అదే పద్ధతి. సెవానీ మేనేజరు ఆ పద్ధతిని ఎవరూ చేయనంత దూరం లాగాడు. అంతే తేడా.

ఎవరా మేనేజరు?

ల్యూక్ లీ. అప్పటికి వయసు ఇరవై. అతనూ అక్కడి విద్యార్థే. ఇప్పుడు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఈ పనికి ఒక విభాగమే ఉంటుంది. అప్పుడు ఉత్తరాలు, టెలిగ్రాములతో ఐదు కాలేజీలతో బేరాలు కుదుర్చుకుని, రైలు వేళలు చూసుకుని, సామాను సర్దించింది ఈ ఒక్క కుర్రాడు. నన్నడిగితే ఈ కథలో హీరో ఇతనే. ఆడినవాళ్లు ఆరోజుకి ఆరోజు ఎదుటి జట్టుని చూసుకుంటే సరిపోయింది. ఇతనికి మాత్రం ఒక రైలు తప్పితే వరుసంతా కూలుతుందన్న టెన్షన్.

కోచ్, ఆటగాళ్లు ఎవరు?

కోచ్ బిల్లీ సూటర్. ప్రిన్స్‌టన్‌లో ఆడి వచ్చినవాడు. ఆ రోజుల్లో ఆటంటే ఉత్తరాదిదే, దక్షిణాది కాలేజీలు అక్కడ ఆడినవాళ్లని పిలిపించుకుని నేర్చుకునేవి.

కెప్టెన్ హెన్రీ సీబెల్స్, అందరూ 'డిడ్డీ' అనేవాళ్లు. బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్. ఆర్మండ్ సిమ్కిన్స్ ఫుల్‌బ్యాక్, బంతిని దూరంగా తన్నడంలో దిట్ట. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ విల్సన్‌కి 'వార్బ్లర్' అని ముద్దుపేరు, అంటే పాడే పిట్ట. ఇంకో హాఫ్‌బ్యాక్ రెక్స్ కిల్‌పాట్రిక్. లైనులో 'వైల్డ్ బిల్' క్లెయిబోర్న్. ఇంత భయంకరమైన పేరున్న ఈయన తర్వాత పాదిరీ అయ్యాడు.

సీబెల్స్‌ని 1973లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అప్పటికి ఆ సీజన్ ముగిసి డెబ్బై నాలుగేళ్లు. ఆయన బతికి లేడు.

జట్టులో నల్లజాతివాళ్లు ఉన్నారా?

ఆటగాళ్లలో లేరు, ఉండనిచ్చేవాళ్లు కాదు. అది దక్షిణాదిలో వేర్పాటు చట్టాలు బిగుసుకుంటున్న కాలం. సెవానీ పుట్టుకే బానిసల యజమానుల డబ్బుతో, పలుకుబడితో జరిగింది. కానీ జట్టుతో పాటు ఆ యాత్రంతా తిరిగిన కాల్ బరోస్ అనే నల్లజాతి ట్రైనర్ ఒకాయన ఉన్నాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆయన పేరు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఒక్కసారి ఆలోచించండి. గురువారం దెబ్బలు తిన్న ఒళ్లు శుక్రవారం మళ్లీ మైదానంలోకి దిగాలంటే, రాత్రంతా రైల్లో ఎవరో ఒకరు కాళ్లు మర్దన చేయాలి, వాపులకి కట్లు కట్టాలి. ఆ పని ఆయనది. ఆయన్ని విద్యార్థిగా చేర్చుకునే కాలేజీ కాదది. అక్కడ నల్లజాతి విద్యార్థికి ప్రవేశం దొరకడానికి 1953 దాకా, అదీ పెద్ద గొడవ జరిగి కొందరు అధ్యాపకులు రాజీనామా చేశాక గానీ, కుదరలేదు.

అప్పటి ఆట ఇప్పటి ఆటలాగే ఉండేదా?

ఇప్పటి ఆట టీవీలో చూసినవాళ్లు అప్పటి మ్యాచ్ చూస్తే గుర్తుపట్టరు. ముందుగా, బంతిని ముందుకి విసరడం లేదు. ఇప్పటి ఆటకి ప్రాణం లాంటి ఆ ఫార్వర్డ్ పాస్ 1906లో గానీ రాలేదు. 1899లో బంతిని తన్నాలి, లేకపోతే పట్టుకుని జనంలోకి చొచ్చుకుపోవాలి. బంతి కూడా ఇప్పటిలా సన్నగా, మొనదేలి ఉండదు, బొద్దుగా ఉండేది.

ఇప్పుడు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్లాలి. అప్పుడు మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు. ఐదు గజాలే కదా, అందరూ గుంపుగా కూడి ఒకణ్ని ముందుకి తోసేవాళ్లు. బంతి ఉన్నవాణ్ని సొంత జట్టువాళ్లే పట్టుకుని లాగొచ్చు, నెట్టొచ్చు. పట్టుకోవడానికి వీలుగా నడుము పట్టీలకి పిడులు కుట్టించుకున్న జట్లు కూడా ఉండేవి. మైదానం 110 గజాలు. ఆట రెండు భాగాలు, ఒక్కోటి 35 నిమిషాలు. రెండు జట్లూ ఒప్పుకుంటే తగ్గించుకోవచ్చు.

నాకు బాగా నచ్చే నియమం ఒకటుంది. కింద పడేసినా ఆట ఆగదు. పడినవాడు పాక్కుంటూ ముందుకి పోవచ్చు. "డౌన్" అని వాడు అరిస్తేనే ఆగుతుంది. ఆ అరుపు వినేదాకా ఎదుటివాళ్లు మీదపడి నొక్కుతూనే ఉంటారు. కబడ్డీలో కూత ఆగితే పని అయిపోయినట్టు, ఇక్కడ కూత వస్తేనే పని అయిపోయినట్టు. పౌరుషం ఉన్నవాడు అరవడు. అందుకే ఎముకలు విరిగేవి.

హెల్మెట్లు లేవా?

తప్పనిసరి కాదు. తోలు టోపీలు అక్కడక్కడా ఉండేవి. ఎక్కువమందికి జుట్టే హెల్మెట్. సీజన్ మొదలయ్యే ముందు నుంచే జుట్టు గుబురుగా పెంచేవాళ్లు. ముక్కు కాపాడుకోవడానికి రబ్బరు తొడుగు పళ్లతో కరిచి పట్టుకునేవాళ్లు. తొడల దగ్గర దూది కూరిన ప్యాంట్లు. అంతే.

ఆస్టిన్ మ్యాచ్‌లో సీబెల్స్ తల పగిలింది. రక్తం మొహం మీదికి కారుతోంది. బయటికి పోతే ఆ నియమాల ప్రకారం మళ్లీ లోపలికి రావడానికి లేదు, ఒకసారి వెళ్లినవాడు వెళ్లినట్టే. దాంతో గాయం మీద ప్లాస్టర్ అంటించుకుని ఆడుతూనే ఉన్నాడు. బంతిని ఎదుటి జట్టు గోలు గీత దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు, ఆ రోజు సెవానీ చేసిన రెండు టచ్‌డౌన్లూ అతనివే. మర్నాడు హ్యూస్టన్, ఆ మర్నాడు న్యూ ఆర్లియన్స్. ఇప్పుడైతే ఆ గాయానికి స్కానింగులు తీసి రెండు వారాలు బెంచీ మీద కూర్చోబెడతారు, అదే మంచిది కూడా.

12-0, 10-0 అంటే అంత తక్కువ పాయింట్లేంటి?

పాయింట్ల లెక్క వేరు. అప్పుడు టచ్‌డౌన్‌కి 5, దాని తర్వాత తన్నే గోలుకి 1, మామూలు ఆటలో తన్నే ఫీల్డ్ గోల్‌కి 5, సేఫ్టీకి, అంటే బంతి ఉన్నవాణ్ని అతని సొంత గోలు గీత వెనకాలే పడేస్తే, 2. టచ్‌డౌన్‌కి 6 ఇవ్వడం 1912లో మొదలైంది. కాబట్టి ఆస్టిన్‌లో 12 అంటే రెండు టచ్‌డౌన్లు, రెంటి తర్వాతా తన్నిన గోల్స్ పడ్డాయి. ఇప్పటి లెక్కలో 14-0.

నీళ్ల పీపాల కథ, బూట్ల కథ నిజమేనా?

రెండూ ఆ జట్టు గురించి తరతరాలుగా చెప్పుకునేవే. ఊరు మారితే నీళ్లు పడవు, కడుపు పాడవుతుంది అన్న భయం మనకొక్కళ్లకే కాదు. సెవానీలోని ట్రెమ్లెట్ ఊట నీళ్లు రెండు పీపాల నిండా రైలెక్కించారు. కొత్త ఊళ్లో నీళ్లు తాగి విరేచనాలు పట్టుకుంటే ఐదు మ్యాచ్‌లు ఎవడు ఆడతాడు? ఊరెళ్తూ ఇంటి నుంచి నీళ్ల సీసా తెచ్చుకునే మన పెద్దవాళ్లకి ఈ విషయం చెబితే ల్యూక్ లీని వెంటనే మెచ్చుకుంటారు.

బూట్లది మరో తమాషా. నీళ్లు ఎక్కించారు, ఆట బూట్లు మరిచిపోయారు. రైలు కదిలాక గానీ తెలియలేదు. టెలిగ్రాం కొట్టి వెనకాల రైల్లో తెప్పించుకున్నారు. అంత పకడ్బందీగా ప్లాన్ వేసిన మేనేజరు కూడా ప్లాట్‌ఫాం మీద సామాను లెక్కపెట్టుకోలేదన్నమాట. ఈ ఒక్క కారణంగా అతనంటే నాకు మరింత ఇష్టం.

ఓడించినవాళ్లంతా ఇప్పుడు పెద్ద జట్లు కదా. అప్పుడూ అంత గొప్పవేనా?

ఇది అడగాల్సిన ప్రశ్న, కానీ తక్కువమంది అడుగుతారు. టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, ఎ అండ్ ఎం అనగానే లక్షమంది పట్టే స్టేడియాలు కళ్ల ముందు కదులుతాయి. ఆస్టిన్‌లో, హ్యూస్టన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకి ఈ పేర్ల మోత బాగా తెలుసు. మ్యాచ్ రోజు ఊళ్లో కారు కదలదు. పిల్లలు ఆ కాలేజీల్లో చదివితే తల్లిదండ్రులూ ఆ రంగు టీషర్టులు వేసుకోవాల్సిందే.

1899లో అవన్నీ పసి జట్లు. టెక్సస్, ఎల్‌ఎస్‌యూ, టులేన్, ఓల్ మిస్ ఆట మొదలుపెట్టింది 1893లో, ఎ అండ్ ఎం 1894లో. టులేన్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అంటే ఐదింట్లో అన్నీ కొండలు కావు, కొన్ని గుట్టలు. టెక్సస్ మాత్రం గట్టి జట్టే, ఆ సీజన్‌లో ఆరు గెలిచింది. సెవానీ ఆడటం మొదలుపెట్టింది 1891లో. పసివాళ్లలో రెండేళ్లు పెద్దవాడు. ఆ రెండేళ్ల తేడా, ప్రిన్స్‌టన్ కోచ్, రోజూ కలిసి తిరిగే చిన్న జట్టు, ఇవి మూడూ కలిసొచ్చాయి.

అయినా సరే, బలహీనుణ్ని కొట్టాలన్నా కాళ్లు లేవాలి కదా. నాలుగు ఊళ్లు తిరిగి, నలుగురితో తలపడి, ఐదో మ్యాచ్‌లో కూడా సున్నాకి పరిమితం చేయడం ఎదుటి జట్టు పసిదైనంత మాత్రాన తేలికైపోదు.

అంటే ఈ యాత్రే ఆ సీజన్‌లో అన్నిటికన్నా కష్టమైన ఘట్టమా?

అందరూ అలాగే అంటారు. నేను ఒప్పుకోను. ఆ సీజన్‌లో సెవానీ అంచు దాకా వెళ్లింది ఒక్కసారే, నవంబరు 30న, మాంట్‌గమరీలో, ఆబర్న్ మీద.

ఆబర్న్ కోచ్ జాన్ హైస్‌మన్. ఇప్పుడు ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఆయన పేరు మీదే. ఆలోచన పదునైనవాడు, ఆట వేగంగా నడిపేవాడు. అప్పటిదాకా పది మ్యాచ్‌లలో ఎవరూ సెవానీ మీద ఒక్క పాయింటు చేయలేదు. ఆబర్న్ పది చేసింది. సెవానీ పదకొండు.

ఆ తేడా ఎక్కడిదో చూడండి. పది అంటే ఐదు, ఐదు. పదకొండు అంటే ఐదు, ఒకటి, ఐదు. అంటే టచ్‌డౌన్ తర్వాత తన్నే ఆ ఒక్క పాయింటు గోలు సీజన్ మొత్తాన్ని నిలబెట్టింది. ఇప్పటిలా అది గోలు ఎదురుగా నిలబడి తన్నేది కాదు. టచ్‌డౌన్ ఎక్కడ పడితే దానికి సూటిగా వెనక్కి వచ్చి తన్నాలి. మూలన పడితే కోణం ఘోరంగా ఉంటుంది. అందుకని పరుగెత్తేవాడు గీత దాటగానే సంబరపడిపోకుండా గోలు మధ్యకి వీలైనంత దగ్గరగా బంతిని ఆనించాలని చూసేవాడు, ఎదుటివాళ్లు ఆపాలని చూసేవాళ్లు. టచ్‌డౌన్ అయ్యాక కూడా పోరు ఆగదు.

మ్యాచ్ అయ్యాక హైస్‌మన్ ఊరుకోలేదు. అంపైరు తమకి అన్యాయం చేశాడని పత్రికకెక్కాడు. ఈ పన్నెండు విజయాల్లో వాదనకి తావున్నది ఇదొక్కటే. ఇది పోయి ఉంటే, ఆరు రోజుల యాత్ర గురించి ఇంతలా చెప్పుకునేవాళ్లమా అన్నది నా అనుమానం.

మరో సంగతి. ఈ దెబ్బలాట గురువారం జరిగింది. శనివారం అట్లాంటాలో నార్త్ కరోలినాతో ఆడి 5-0తో గెలిచారు. ఐదు పాయింట్లు, అంటే మ్యాచ్ మొత్తంలో ఒకే ఒక్క స్కోరు. ఒళ్లు ఎంత అలిసిపోయి ఉందో ఆ అంకే చెబుతోంది.

జాతీయ చాంపియన్ అయ్యారా?

దక్షిణాది విజేత అన్నది తిరుగులేనిది. జాతీయ చాంపియన్ అని తేల్చే పోటీ ఏదీ అప్పట్లో లేదు. ఆట కేంద్రం ఈశాన్యంలో ఉండేది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్. అక్కడి పత్రికలకి టెన్నెసీ కొండమీది కాలేజీ పట్టేది కాదు. తర్వాతి కాలంలో పాత రికార్డులు చూసి ఎంపిక చేసినవాళ్లు కూడా 1899కి హార్వర్డ్ పేరే ఎక్కువగా చెప్పారు. హార్వర్డ్, సెవానీ ఎదురెదురుగా ఆడి ఉంటే ఏమయ్యేది అని అడగకండి, మా ఇంట్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ గొడవలాగా తెల్లవారుతుంది.

హైస్‌మన్, కంబర్లాండ్ అన్న పేర్లు ఇంకెక్కడో విన్నట్టుంది?

విన్నారు. 1916లో హైస్‌మన్ జార్జియా టెక్ కోచ్‌గా ఉన్నప్పుడు కంబర్లాండ్‌ని 222-0తో ఓడించాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద తేడా లేదు. సెవానీ చేతిలో 71-0తో ఓడింది కూడా ఆ కంబర్లాండే. పాపం.

ఇలాంటి యాత్ర ఇప్పుడు ఎవరైనా చేయగలరా?

లేదు. చేయనివ్వరు కూడా. గుంపుగా నెట్టుకునే ఆ పద్ధతిలో ఏటా కుర్రాళ్లు చనిపోయేవాళ్లు. 1905లో పరిస్థితి మరీ దిగజారి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దల్ని పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో నియమాలు మార్చారు, ముందుకి విసరడం అప్పుడే వచ్చింది. మూడు ప్రయత్నాల్లో పది గజాలన్నారు. ఇప్పుడు వారానికి ఒక మ్యాచ్. ఒక జట్టులో వందమంది దాకా ఉంటారు. ఇరవై మందితో వారంలో ఐదు ఆడతామంటే ముందు డాక్టర్లు, తర్వాత లాయర్లు వస్తారు.

సెవానీ ఇప్పుడెక్కడుంది? టీవీలో కనిపించదేం?

1932లో ఆగ్నేయ సమాఖ్య, అంటే ఇప్పుడు అందరూ ఎస్‌ఈసీ అనే ఆ మహా లీగు పెట్టినప్పుడు సెవానీ వ్యవస్థాపక సభ్యురాలే. అలబామా, ఎల్‌ఎస్‌యూ, జార్జియాతో ఒకే పంక్తిలో కూర్చుంది. కానీ అప్పటికే ఆట డబ్బున్నవాళ్లది అయిపోయింది. ఆ లీగులో 37 మ్యాచ్‌లు ఆడి 37 ఓడిపోయింది. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. 1940లో బయటికొచ్చేసింది. ఇప్పుడు మూడో డివిజన్‌లో, ఆటకి స్కాలర్‌షిప్పులు ఇవ్వని కాలేజీలతో ఆడుకుంటోంది.

మేనేజరు ల్యూక్ లీ తర్వాత ఏమయ్యాడు?

ఈ ప్రశ్న చివర్లో పెట్టడానికి కారణం ఉంది, ఇతని కథ ఫుట్‌బాల్ కన్నా పెద్దది.

1907లో నాష్‌విల్‌లో 'ది టెన్నెసియన్' పత్రిక పెట్టాడు. 1911లో అమెరికా సెనేట్‌కి వెళ్లి 1917 దాకా ఉన్నాడు. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళానికి కర్నల్. యుద్ధం ముగిశాక 1930ల్లో ఒక బ్యాంకు మోసం కేసులో శిక్ష పడి జైలుకి వెళ్లాడు, తర్వాత క్షమాభిక్ష దొరికింది.

వీటన్నిటి మధ్య 1919 జనవరిలో ఒక పని చేశాడు. ఓడిపోయిన జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ నెదర్లాండ్స్‌లోని అమెరొంగెన్‌లో ఒక ప్రభువు కోటలో తలదాచుకున్నాడు. లీ కొద్దిమంది సైనికుల్ని వెంటేసుకుని, కార్లలో సరిహద్దు దాటి నేరుగా ఆ కోటకే వెళ్లాడు, కైజర్‌ని పట్టుకుపోదామని. రైళ్లు కుదిర్చి ఐదు ఊళ్లు చుట్టి రావడం తెలిసినవాడికి ఇది మరీ అసాధ్యమనిపించలేదు కాబోలు. ఆ ఇంటివాళ్లు లోపల కూర్చోబెట్టి మాట్లాడారు కానీ కైజర్ గది దాటి రాలేదు. ఈలోగా బయట డచ్ సైనికులు చేరారు. చేసేది లేక వెనక్కి తిరిగారు. సైన్యం విచారించి, గట్టిగా మందలించి వదిలేసింది.

కైజర్ అయితే చేతికి చిక్కలేదు. కానీ వచ్చేటప్పుడు వాళ్లలో ఒకడు తాము కూర్చున్న గదిలోంచి కైజర్ పేరు అక్షరాలున్న యాష్‌ట్రే ఒకటి జేబులో వేసుకొచ్చాడు.